జీర్ణోద్ధరణ అనే అపచారం

యార్క్‌షైర్‌లో వోల్డ్స్ అనే సుద్దకొండల నడుమ, ఒక ఇరుకైన లోయలో, కప్పు లేని చర్చి ఒకటి నిలిచి ఉన్నది. దాని పేరు సెయింట్ మార్టిన్ చర్చి. ఊరి పేరు వారమ్ పెర్సీ. ఊరు అనడం అలవాటును బట్టి అనడమే. ఊరు అక్కడ లేదు. పదిహేనవ శతాబ్ది చివరికి పైరు కంటె గొర్రె ఉన్ని లాభసాటి అని భూస్వామికి తోచింది. 1500 ప్రాంతానికి మిగిలిన కొద్ది కుటుంబాలూ కదిలిపోవలసి వచ్చింది. ఇళ్ళ గోడలు కూలి, మట్టిలో కలిసి, పచ్చగడ్డి కింద ఎత్తుపల్లాలుగా మిగిలాయి. చర్చి మాత్రం మరి నాలుగున్నర శతాబ్దాలు బ్రతికింది. చుట్టుపక్కల ఊళ్ళకు కూడా అదే చర్చి కావడం వల్ల, ఊరు లేని ఊరి గుడికి జనం కొండలు దిగి వస్తూనే ఉన్నారు. 1870లో థిక్సెన్‌డేల్ వారికి వేరే చర్చి ఏర్పడిన తర్వాత ఆ రాక కూడా పలచబడింది. 1949లో చివరి ఆరాధన జరిగింది. తర్వాత పైకప్పు మీది సీసపు రేకులు దొంగల పాలైనాయి. గంట గోపురంలో కొంత భాగం కూలిపోయింది.

ఇట్టి కట్టడం ముందు నిలిచిన వాస్తుపండితుడు ఏమి చెబుతాడో ఊహించడం కష్టం కాదు. థామస్ రిక్‌మన్ 1817లో ఇంగ్లండులోని పాత కట్టడాలకు నార్మన్, ఎర్లీ ఇంగ్లీష్, డెకొరేటెడ్, పర్పెండిక్యులర్ అని నాలుగు శైలుల పేర్లు పెట్టిన నాటి నుంచి, పండితులకు చర్చి అంటే కిటికీ అయిపోయింది. కిటికీ కమాను గుండ్రంగా ఉన్నదా, మొన తేరి ఉన్నదా, దాని నడుమ రాతి అల్లిక ఏ తీరున తిరిగింది, ఇంత చూస్తే శతాబ్దం తెలుస్తుంది. శతాబ్దం తెలిస్తే పని ముగుస్తుంది. గోడ ఏ రాళ్ళతో కట్టారు, దాని కింద ఏమున్నది, దానిని ఎవరు ఏ డబ్బుతో కట్టారు, ఎవరు ఎందుకు మూసివేశారు అన్న ప్రశ్నలు ఆ చదువులో లేవు. మనిషిని చూసి తలపాగా వర్ణించి ఊరుకోవడం వంటిది ఇది.

రిక్‌మన్‌ను ఒక్కణ్ణే నిందించడం న్యాయం కాదు. లింకన్‌షైర్‌లోని బార్టన్ అపాన్ హంబర్ అనే ఊళ్ళో సెయింట్ పీటర్ చర్చి గోపురాన్ని పరిశీలించి, దాని పై అంతస్తు తొలి నార్మన్ తీరులో ఉన్నది కనుక దానికి కింద వేరే తీరులో ఉన్న అంతస్తులు అంతకు ముందువి కాక తప్పదని వాదించినవాడు ఆయనే. కింద ఉన్నది ముందు, పైన ఉన్నది తర్వాత: తాపీ మేస్త్రీకి చెప్పనక్కరలేని ఈ చిన్న తర్కంతో సాక్సన్ కాలపు రాతికట్టడం ఇంగ్లండులో ఇంకా నిలిచి ఉన్నదని రుజువైంది. అది నేలను తవ్వేవాడి తర్కం. కాని ఆయన తర్వాతి వారు ఆ తర్కాన్ని వదిలి పేర్ల పట్టికను పట్టుకున్నారు. పట్టిక కంఠస్థం చేయడం తేలిక.

వారమ్ పెర్సీలో 1962 నుంచి 1974 వరకు సెయింట్ మార్టిన్ చర్చి నేలను తవ్వారు. ఆ ఊరి దిబ్బలను 1948లో గుర్తించినవాడు మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు. కొద్ది సంవత్సరాలకే జాన్ హర్స్ట్ అనే పురాతత్త్వజ్ఞుడు ఆయనతో కలిశాడు. ఏటా వేసవిలో కొన్ని వారాల చొప్పున 1990 వరకు అక్కడ పని సాగింది. నిలిచి ఉన్న గోడలను ఎంత చూచినా తెలియని సంగతులు చర్చి నేల కింద బయటపడ్డాయి. మొదట అక్కడ చిన్న కొయ్య కట్టడం ఉన్నట్లు గుంజలు పాతిన గుంటలు చెప్పాయి. దాని తర్వాత చిన్న రాతి చర్చి. దానిని కూడా తనలో ఇముడ్చుకొని పెరిగిన పెద్ద చర్చి. పన్నెండవ శతాబ్ది చివర దక్షిణాన పక్క మండపం, పదమూడవ శతాబ్దిలో ఉత్తరాన మరొకటి, పద్నాలుగవ శతాబ్దిలో ఇంకొక ఉపాలయం. ఆ తర్వాత వెనుకకు నడక. పక్క మండపాలు పడగొట్టారు. వాటిలోకి తెరుచుకొనే కమానుల నడుమ రాళ్ళు పేర్చి మూసివేశారు. పదిహేడవ శతాబ్దిలో వేదిక ఉన్న తూర్పు భాగాన్ని కురచ చేశారు. ఆ మూసిన కమానులు ఇప్పుడు కూడా గోడలో స్పష్టంగా కనిపిస్తున్నాయి. వాటిని చూచి కొందరు పెదవి విరుస్తారు, అందం చెడినదంటారు. ఆ కమానుల మూత ఒక జనసమూహం పలచబడిపోయినందుకు వేసిన ముద్ర అని వారికి తట్టదు.

ఊరు పెరిగినప్పుడు చర్చి పెరిగింది, ఊరు చిక్కినప్పుడు చర్చి చిక్కింది అని చెప్పడం ఇంపుగా ఉంటుంది గాని, అది పూర్తిగా నిజం కాదు. పారిష్ అంటే ఒక ఊరు కాదు. ఒక చర్చికి పంటలో దశమభాగం చెల్లించే ఊళ్ళ సముదాయం. వారమ్ పెర్సీ పారిష్‌లో అయిదు ఊళ్ళు ఉండేవి. పైగా మండపం కట్టడం జనాభా లెక్కను బట్టి మాత్రమే జరగదు. పెర్సీ వంశం వంటి ప్రభువుల దానాన్ని బట్టి, వారి సమాధులకు కావలసిన చోటును బట్టి కూడా జరుగుతుంది. ఇంత చిక్కు ఉన్నది కనుకనే ఆ గోడలను నిదానంగా చదవవలసి ఉన్నది. ఒకే శైలి పేరుతో సరిపెట్టినవాడికి ఈ చిక్కు కనబడనే కనబడదు.

చర్చి లోపలా, చుట్టూ ఉన్న శ్మశానంలో 687 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. వారు రాజులు కారు, బిషప్పులు కారు; నాగలి పట్టినవారు, గొర్రెలు కాచినవారు, వారి భార్యాబిడ్డలు. వారిలో ఎవరి పేరూ తెలియదు. కాని పసిపిల్లల ఎముకలలోని నైట్రోజన్‌ను పరీక్షించి, ఆ పల్లె తల్లులు బిడ్డలకు సుమారు ఏడాదిన్నర వచ్చేవరకు పాలిచ్చేవారని శాస్త్రజ్ఞులు తేల్చగలిగారు. ఏ దానపత్రం, ఏ పన్నుల దస్త్రం ఈ మాట చెబుతుంది? తల్లి ఒడిలోని సంగతిని ఏ గుమాస్తా రాసిపెట్టాడు? మధ్యయుగపు పల్లె స్త్రీలను గురించి ఇంత సన్నిహితమైన వార్త మరెక్కడి నుంచి రావడానికీ వీలు లేదు. అది ఆ చర్చి ఒడ్డున, ఆ మట్టిలో ఉన్నది. ఆ మట్టిని ఎవరూ చెడగొట్టలేదు కనుక ఉన్నది.

చెడగొట్టడానికి వారమ్ పెర్సీలో డబ్బు లేదు. దాని అదృష్టమంతా అదే. పందొమ్మిదవ శతాబ్దిలో డబ్బు ఉన్న పారిష్‌ల గతి వేరు. 1840కి, 1875కి నడుమ ఇంగ్లండులో ఏడు వేలకు పైగా చర్చిలను ఉద్ధరించడమో, పెంచడమో, పడగొట్టి కట్టడమో జరిగింది. 1839లో కేంబ్రిడ్జిలో పుట్టిన కామ్డెన్ సొసైటీ అనే విద్యార్థుల, మతాచార్యుల సంఘం, పద్నాలుగవ శతాబ్ది ఆరంభపు గోథిక్ తీరే క్రైస్తవానికి నిండు యౌవనమని నిర్ణయించింది. అంతకు ముందున్నది బాల్యం, తర్వాతది వార్ధక్యం. ఇక ప్రతి చర్చినీ ఆ యౌవనానికి తీసుకొనిపోవాలి. జార్జి గిల్బర్ట్ స్కాట్ వంటి సమర్థులైన వాస్తుశిల్పులు, వారి వెనుక అంత సమర్థులు కాని వందల మంది, ఈ పనిలో దిగారు. పదిహేనవ శతాబ్ది కిటికీని పెరికి, పద్నాలుగవ శతాబ్దిలో ఉండి ఉండునేమో అనుకొన్న కిటికీని కొత్త రాతితో చెక్కి పెట్టారు. పద్దెనిమిదవ శతాబ్ది రైతులు తమ కుటుంబాల కోసం చేయించుకొన్న తలుపుల బల్లలను, పాటగాళ్ళ మేడలను విరిచి కట్టెలు చేశారు. ఏ రోజునా ఎన్నడూ ఒకే రూపంలో లేని కట్టడాన్ని, ఎన్నడూ లేని రూపానికి ‘తిరిగి’ తెచ్చారు. దీని పేరు జీర్ణోద్ధరణ.

ఇందులో అన్నిటికంటె ఘోరమైనది గోకుడు. మధ్యయుగపు కాసె పనివాడు పల్లె చర్చి గోడను గండరాళ్ళతో కట్టి, లోపలా చాలాచోట్ల వెలుపలా కూడా సున్నపు గార పూసేవాడు. గార పూయని గోడ అతని దృష్టిలో బట్ట కట్టని మనిషి. ఆ గార మీద ఎర్రమట్టితో, పసుపుమట్టితో పటాలు వేసేవారు: తూర్పు కమాను మీద చివరి తీర్పు, ద్వారానికి ఎదురుగా బిడ్డ క్రీస్తును భుజాన మోసిన సెయింట్ క్రిస్టఫర్. అక్షరం రాని పల్లెకు అదే పురాణ పఠనం. పదహారవ శతాబ్దిలో మతం మారినప్పుడు వాటి మీద వెల్ల వేశారు. వెల్ల వేసినవాడు ద్వేషంతోనే వేశాడు. అయినా వెల్ల కింద బొమ్మ దాగి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దిలో ఉద్ధారకుడు వచ్చి, భక్తితో, గారను రాతి దాకా గోకి పారవేశాడు. శత్రువు దాచినదాన్ని మిత్రుడు నాశనం చేశాడు. ఎన్ని వేల గోడల మీద ఏ బొమ్మలు పోయాయో లెక్క చెప్పగలవారు లేరు. రాయి అందం కనబడాలని గోకారు, ఆ రాయి ఎవరికీ కనబడడానికి పేర్చినది కానే కాదు.

వారమ్ పెర్సీ ఉన్న యార్క్‌షైర్‌లోనే పికరింగ్ అనే ఊరున్నది. అక్కడి చర్చిలో 1852లో వెల్ల కింద పదిహేనవ శతాబ్ది చిత్రాలు బయటపడ్డాయి. జనం ప్రసంగం వినక గోడలు చూస్తారని భయపడి ఆ ఊరి వికారు మళ్ళీ వెల్ల కొట్టించాడు. ఆయనను నవ్వుకోవడం పరిపాటి. కాని ఆయన గోకించలేదు; కప్పించాడు. పాతికేళ్ళ తర్వాత వెల్ల తీసినప్పుడు చిత్రాలు ఇంకా ఉన్నాయి. అప్పుడు వచ్చిన ఉద్ధారకులు వాటి మీద ధారాళంగా చేయి చేసుకొన్నారు. నేటి ప్రేక్షకుడు పదిహేనవ శతాబ్ది కుంచెను ఎక్కడ చూస్తున్నాడో, పందొమ్మిదవ శతాబ్ది కుంచెను ఎక్కడ చూస్తున్నాడో విడదీయడం కష్టమైపోయింది. అజ్ఞాని అయిన వికారు చేసిన హాని, అభిమానులు చేసిన హాని కంటె తక్కువ.

హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఆష్‌వెల్ చర్చి గోపురం లోపలి గోడ మీద, 1350 నాటి మహామారిని చూచినవాడెవడో లాటిను మాటలు గీకి ఉంచాడు. 1361వ సంవత్సరం కింద వీచిన పెనుగాలిని గురించి కూడా అక్కడే ఉన్నది. పక్కనే ఒక పెద్ద చర్చి బొమ్మ ఉన్నది. లండనులోని పాత సెయింట్ పాల్ చర్చి అది అని పండితుల ఊహ. గీతలు సన్ననివి, ఒక బొటనవేలి గోటి లోతు కూడా ఉండవు. ఒక శుభ్రతాప్రియుడైన మేస్త్రీ ఒక్క పూట ఉలి ఆడించి ఉంటే చావు నుంచి తప్పించుకొన్న ఆ మనిషి మాట లోకానికి లేకుండా పోయేది. అట్లా పోయిన మాటలు మరెన్నో.

గోకుడు కంటికి కనబడే నేరం. కనబడనిది మరొకటి ఉన్నది. చెమ్మ తగ్గించే పేరుతో గోడల చుట్టూ, పునాదిని ఆనుకొని, లోతుగా కాలువ తవ్వి రాళ్ళు నింపే పద్ధతి ఆ రోజులలో వ్యాపించింది. కట్టడాన్ని చదివేవాడికి అతి విలువైన చోటు గోడా నేలా కలిసే చోటు. ఏ మట్టిపొర గోడకు ముందరిది, ఏది తర్వాతది, గోడ కట్టేటప్పుడు రాలిన సున్నం ఏ సమాధి మీద పడింది అన్నది అక్కడే తెలుస్తుంది. కాలువ తవ్వినవాడు సరిగ్గా ఆ చోటునే కోసి ఎత్తిపోశాడు. పుస్తకాన్ని చింపకుండా కుట్టు మాత్రం తెంపినట్లు, కట్టడం ఒకవైపు, దాని చరిత్ర ఒకవైపు పడ్డాయి. చెమ్మ పోయిందా అంటే, అనేకచోట్ల పోలేదు. సున్నపు దరజులను గీకి సిమెంటు కూరడంతో గోడలోని తేమ బయటికి పోయే దారి మూసుకొని మరింత ఎక్కువైంది.

ఉద్ధరణ జరగకపోతే ఆ చర్చిలు కూలిపోయి ఉండేవి కావా అని అడిగేవారు ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. చాలా కప్పులు కారుతుండేవి. దూలాలు పుచ్చి ఉండేవి. ఆ కాలపు ధనికుల చందాలే వాటిని నిలిపాయి. కప్పు వేసినందుకు ఎవరూ వారిని నిందించరు. కప్పు కారితే కిటికీ ఎందుకు మార్చారు? దూలం పుచ్చితే గార ఎందుకు గోకారు? వైద్యుడు కాలు విరిగినవాడికి కట్టు కట్టి, పనిలో పనిగా ముఖం కూడా మార్చి పంపితే, బ్రతికించాడు కదా అని సంతోషించడం ఎట్లా?

ఉద్ధారకుడి వేషం ఎంత మోసగించగలదో ఎసెక్స్‌లోని రివెన్‌హాల్ చర్చి చెబుతుంది. 1838-39లో దానికి సిమెంటు పూత పూసి కొత్త గోథిక్ ముఖం పెట్టారు. ఆ ముఖాన్ని చూచి, ఇందులో పాతది ఏమీ మిగలలేదని నూటముప్ఫై ఏళ్ళు అందరూ నమ్మారు. ఆ చర్చిలో చూడదగినది ఒక్కటే అనుకొన్నారు: ఫ్రాన్సులో సార్త్ ప్రాంతపు షెనూ అనే పల్లె చర్చి నుంచి ఆనాటి మతాధికారి కొని తెచ్చి అమర్చిన పన్నెండవ శతాబ్ది రంగుటద్దాలు. (ఒక పల్లె చర్చి కన్ను పెరికి మరొక పల్లె చర్చికి పెట్టడం కూడా ఆ కాలపు భక్తిలో భాగమే.) 1970 దశాబ్ది మొదట్లో పూత ఊడదీసినప్పుడు, వార్విక్ రాడ్‌వెల్, ఆయన భార్య కిర్‌స్టీ దాని వెనుక 1066కు ముందరి గోడలు చాలా ఎత్తు వరకు నిలిచి ఉండడం చూపించారు. నేలకింద రోమనుల కాలపు భవంతి ఉన్నది. కట్టడాన్ని ముఖం చూచి అంచనా కట్టే పాండిత్యానికి ఇంతకంటె పెద్ద పరాభవం మరొకటి ఉండదు.

పల్లె చర్చి ఎవరిది అన్నదే ఈ వాదమంతటికీ మూలం. బిషప్పుదా, రెక్టరుదా, భూస్వామిదా, వాస్తుశిల్పిదా? మధ్యయుగపు ఆచారం దీనికి రాతిలోనే జవాబు చెప్పింది. పదమూడవ శతాబ్ది నాటికి ఇంగ్లండులో వేదిక ఉన్న తూర్పు భాగం మరమ్మతు రెక్టరు బాధ్యత. జనం నిలిచే మండపం మరమ్మతు జనం బాధ్యత. దశమభాగాన్ని తినేవాడు ఒకవైపు, ఇచ్చేవాడు ఒకవైపు. అనేక పల్లెల్లో మండపం ఎత్తుగా, వెలుతురుగా, గొప్ప కొయ్యకప్పుతో ఉండి, వేదిక భాగం చిన్నదిగా, పాతదిగా ఉండడానికి కారణం శైలి కాదు. ఊరివారు ఖర్చు పెట్టారు, రెక్టరు పెట్టలేదు. విచిత్రమేమంటే ఈ బాధ్యత ఇంకా పూర్తిగా చావలేదు. పాత రెక్టరు భూములను కొన్నవారికి వేదిక మరమ్మతు ఖర్చు తప్పదని 2003లో వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో చర్చి విషయంలో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది.

డెవన్‌లోని మోర్‌బాత్ అనే పల్లెలో క్రిస్టఫర్ ట్రైకే అనే మతాచార్యుడు 1520 నుంచి 1574 వరకు చర్చి పద్దులను తన చేత్తో రాశాడు. ముప్ఫై మూడు కుటుంబాల ఊరు. ప్రతి సాధువు దీపానికీ కొన్ని గొర్రెలు ఉండేవి. వాటిని ఊరివారు తమ మందల్లో మేపి, ఉన్ని అమ్మిన డబ్బు దీపానికి ఇచ్చేవారు. పెళ్ళికాని యువకుల సంఘం ఒకటి, కన్యల సంఘం ఒకటి, వారి వారి జమాఖర్చులు వేరు. ఆంధ్రదేశంలో దేవుడి మాన్యాల లెక్కలు, నందాదీపానికి గొర్రెలను దానం చేసిన శాసనాలు చదివిన తెలుగు పాఠకుడికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. అట్టి గొర్రెల ఉన్నితో కొన్న బొమ్మను, అట్టి కన్యలు ఇచ్చిన పెన్నీలతో వెలిగిన దీపపు మాడాన్ని, మూడు శతాబ్దాల తర్వాత లండను నుంచి వచ్చినవాడు శైలికి సరిపడలేదని తీసివేస్తే, అతడు రాయిని తీసివేసినట్లా, ఊరి పద్దును చింపినట్లా?

విలియం మోరిస్ 1877 మార్చిలో, ట్యూక్స్‌బరీ చర్చిని స్కాట్ ఉద్ధరించబోతున్నాడని విని పత్రికకు లేఖ రాసి, ఆ నెలలోనే ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. గోకుడును ఎదిరించిన సంఘం కనుక దానికి గోకుడు వ్యతిరేకులని ముద్దుపేరు వచ్చింది. ఉద్ధరించవద్దు, రక్షించండి అన్నది వారి సిద్ధాంతం. ఈ ఋణం ఎవరూ తీర్చలేరు. అయినా ఒక మాట చెప్పవలసి ఉన్నది. మోరిస్ సిద్ధాంతంలో కట్టడం ఆయన కాలానికి వచ్చి ఆగిపోయింది. గడచిన తరాల మార్పులన్నీ పవిత్రం, రాబోయే తరాల మార్పులన్నీ అనుమానాస్పదం. వారమ్ పెర్సీ రైతు కమానును మూసినప్పుడు ఈ సిద్ధాంతం ఉండి ఉంటే అతణ్ణి ఆపి ఉండేది. చర్చి మారినందుకు ఉద్ధారకుణ్ణి తప్పు పట్టడం లేదు. రైతు కమాను మూశాడు గాని, కమాను ఎన్నడూ లేదని చెప్పలేదు. అతని మూత పక్కనే పాత రాయి ఉన్నది. ఉద్ధారకుడు తన కిటికీని పెట్టి, అది మొదటి నుంచీ ఉన్నదని సాక్ష్యం పుట్టించాడు. మార్పు వేరు, దొంగ దస్తావేజు వేరు.

ఈ వివాదానికి భారతదేశంతో సంబంధం లేదనుకోవడం పొరపాటు. 1902 నుంచి 1928 వరకు పురాతత్త్వ శాఖకు అధిపతిగా ఉన్న జాన్ మార్షల్ 1923లో ప్రకటించిన కట్టడాల సంరక్షణ నిబంధనలలో మోరిస్ సంఘపు ఆలోచన స్పష్టంగా కనిపిస్తుంది: ఊహించి కొత్తది చెక్కి పెట్టరాదు, ఉన్నదానిని నిలపాలి. ఆ నిబంధనలు రావడానికి ముందు జరిగిన నష్టం తెలుగువారికి తెలియనిది కాదు. మోరిస్ సంఘం పుట్టిన 1877లోనే రాబర్ట్ సూవెల్ అమరావతిలో తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞతో స్తూపస్థలాన్ని మొత్తం తవ్వించి శుభ్రం చేయించారు. 1881లో జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి స్తూపం ఉన్నచోట గుంట ఉన్నది. శిల్పాలు మిగిలాయి, ఏది దేని మీద ఉన్నదో చెప్పే మట్టి మిగలలేదు.

కాని ఈ విషయంలో ఇంగ్లండే గురువు, ఇండియా శిష్యురాలు అనుకోనక్కరలేదు. చోళ దేశంలో తిరుమళవాడి ఆలయాన్ని పడగొట్టి తిరిగి కట్టవలసి వచ్చినప్పుడు, గోడల మీది పాత శాసనాలను ముందుగా పుస్తకంలో ఎక్కించాలని రాజరాజు ఆజ్ఞాపించాడు. రాజేంద్రుని కాలంలో వాటిని కొత్త గోడల మీద తిరిగి చెక్కారు. కొత్త గోడ కొత్తదని దాచలేదు. పాత గోడ మీద ఊరివారికి, దేవుడికి ఉన్న హక్కులను పోగొట్టనూ లేదు. జీర్ణోద్ధరణ అన్న మాటకు ఆ పదకొండవ శతాబ్ది ఉద్యోగులు ఇచ్చిన అర్థం, ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత ఎన్నో పట్టాలు పొందిన వాస్తుశిల్పులకు తోచలేదు. నేడు దక్షిణాదిలో రాతిస్తంభాల మీద ఇసుకను పిచికారీ చేయించి నునుపు చేసే ధర్మకర్తలకు కూడా తోచడం లేదు.

పురాతత్త్వజ్ఞుల చేతులు మాత్రం శుభ్రమా? తవ్వడం కూడా చదువుతూ పేజీని కాల్చడమే. వారమ్ పెర్సీ చర్చి తవ్వకం 1974లో ముగిస్తే దాని గ్రంథం 1987లో వచ్చింది. ఊరి తవ్వకాల వరుసలో పదమూడవ, చివరి సంపుటం 2012లో వచ్చింది. తవ్విన యువకులు ముసలివారైనారు. కొందరు గ్రంథం చూడనే లేదు. అయినా ఇది మంచి ఉదాహరణ. గ్రంథం రానే రాని తవ్వకాలు ఎన్నో. మట్టిని ఎత్తి, సంగతి చెప్పకుండా పోయినవాడికి, గార గోకినవాడికి తేడా ఏమిటో చెప్పడం కష్టం.

ఇంగ్లండులో ఇప్పుడు చర్చి ఆఫ్ ఇంగ్లండుకు దాదాపు పదహారు వేల చర్చిలు ఉన్నాయి. వాటిలో పన్నెండు వేలకు పైగా చట్టం కింద రక్షణ పొందినవి. ఆదివారం నాడు చాలా పల్లెల్లో వచ్చేవారు పదిమంది, పదిహేనుమంది, ఎక్కువగా ముసలివారు. వారు చలికి వణుకుతున్నారు. నేల కింద వేడినీటి గొట్టాలు వేయాలి, వెనుక వంటగది, మరుగుదొడ్డి కావాలి, బల్లలు తీసి కుర్చీలు వేయాలి అంటారు. వారు అడిగినదాంట్లో తప్పు లేదు. మోర్‌బాత్ జనం చేసినదీ ఇదే, తమ గుడిని తమ అవసరానికి దిద్దుకోవడం. కాని గొట్టాలకు రెండడుగులు తవ్వితే ఆ రెండడుగుల్లోనే వెయ్యేళ్ళ నేలలన్నీ ఉంటాయి. తవ్వేముందు పురాతత్త్వజ్ఞుణ్ణి పిలవమని చర్చి న్యాయస్థానం అడుగుతుంది. అతని ఖర్చు ఆ పదిమంది ముసలివారే భరించాలి. జాతి సంపద అని ప్రకటించినవారు జాతి; జీతం చెల్లించవలసినవారు పింఛనుదారులు. వారు లోలోపల పురాతత్త్వజ్ఞుణ్ణి శపించుకొంటే ఆశ్చర్యం లేదు. గోడలను దేశానికి చెందినవిగా లెక్కించే ప్రభుత్వం, ఆ నేలను చదివించే ఖర్చు కూడా దేశానిదిగా లెక్కించనంత వరకు, ఎవరూ చూడని సోమవారం నాడు గుట్టుగా తవ్వుకొనే ఊళ్ళు ఉండక మానవు. వదిలివేసిన చర్చిల కోసం 1969లో ఒక నిధి ఏర్పడింది. దాని కింద ఇప్పుడు 350కి పైగా కట్టడాలు ఉన్నాయి. చచ్చిన చర్చికి పోషకుడు ఉన్నాడు. బ్రతికి ఉన్న చర్చికి అంత నికరమైన పోషణ లేదు.

బార్టన్‌లో రిక్‌మన్ చూచిన గోపురం చర్చి 1972లో ఆరాధనకు వద్దనుకొని వదిలివేసినది. 1978 నుంచి 1984 వరకు రాడ్‌వెల్ దాని నేలనూ, గోడలనూ రాయి రాయిగా చదివాడు. గోపురమే మొదటి చర్చికి మండపమని, పడమట చిన్న జ్ఞానస్నానపు గది, తూర్పున చిన్న వేదిక ఉండేవని తేలింది. తవ్వకంలో సుమారు 2,800 మంది బయటపడ్డారు, సాక్సన్ కాలం నుంచి విక్టోరియా కాలం దాకా. అన్ని తరాల ఎముకలు ఒకే ఊరివి అయి దొరకడం అరుదు కనుక, రోగాల చరిత్ర చదివేవారికి అది నిధి. పరీక్షల కోసం వాటిని ఊరి నుంచి తీసుకొనిపోయారు. పని అయిన తర్వాత, ఈ శతాబ్ది మొదటి దశాబ్దంలో, అవి ఆ చర్చికే తిరిగి వచ్చాయి. ఒకప్పుడు ఆర్గన్ వాద్యం ఉండిన గదిలో, వరుసల మీద వరుసలుగా పేర్చిన పెట్టెల్లో ఉన్నాయి. కొత్త సంగతి అడగదలచిన వైద్యుడు వచ్చి పెట్టె తెరిపించుకొంటాడు, చూచిన తర్వాత మళ్ళీ అదే చోట పెట్టిస్తాడు.